రెండాకులు వదిలెయ్

స్ట్రాంజ కొండల కింద ఆ నది
ఏప్రిల్ రాగానే గట్టు సంగతి మరిచిపోతుంది.
చెట్ల మోకాళ్ళదాకా వచ్చి నిలబడిపోతుంది.
ఆ నీళ్ళలోనే పూస్తుంది మా బురద కోకిచే.
ఒక్క కాడకి నాలుగైదు తెల్ల గంటలు,
ప్రతి రేకు అంచునా ఒక పచ్చచుక్క,
బడిపిల్ల గోటికంటిన సిరాలా.

ముప్పై ఏళ్ళు దాని ఆకు కోసింది స్తొయిమెన,
కిలోల లెక్కన మందుల ఫ్యాక్టరీకి అమ్మింది.
నేను ప్లోవ్‌దివ్ నుంచి కొత్త రబ్బరు బూట్లతో దిగితే
బూట్లకేసి చూసి నవ్వింది:
"బురదకి ఇంత మర్యాదెందుకమ్మాయ్?"
తరవాత కత్తి చేతికిచ్చి,
"గడ్డ జోలికి పోకు.
రెండాకులు వదిలెయ్.
వచ్చే ఏడు దానికీ ఒక ఏడుండాలిగా."

ల్యాబ్‌లో నా పని వేరు.
ఆకు ఎండాలి, పొడవ్వాలి, సారాయిలో నానాలి.
పచ్చదనం పోయి చేదొక్కటే మిగలాలి.
అరచేతిలో పట్టే గాజు పళ్ళెంలో
ఎలుకపిల్ల మెదడు కణాలు,
చీకట్లో గోడ తడుముకునేవాళ్ళలా
ఒకదాని కోసం ఒకటి వేళ్ళు చాస్తుంటాయి.
వాటి మీద విషం పోస్తాను.
అవును, పని అదే.
ముందు చంపడం, తరవాత ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం.
సగం పళ్ళేల్లో మాత్రం
ముందురోజే ఒక చుక్క ఆకుచేదు.

పొద్దున్నే చూస్తే
చేదు తాగనివాటిలో వందకి ముప్పై ఎనిమిది.
తాగినవాటిలో అరవై ఒకటి.
మళ్ళీ లెక్కపెట్టాను. అరవై ఒకటే.
ఆ ఇరవై మూడు కణాల కోసం
ఎవరూ లేని వరండాలో కాసేపు గెంతాను.
ప్రొఫెసర్ ద్రాగియ కళ్ళద్దాలు తుడుచుకుని
"పళ్ళెం మనిషి కాదు" అన్నాడు.
నిజమే. పళ్ళేనికి అప్పులు గుర్తుండవు,
చెల్లెలి పెళ్ళిలో చిరిగిన గౌను గుర్తుండదు,
గుర్తులేదని సిగ్గుపడటమూ రాదు.

ఇంకోటి కూడా ఆలోచించాను, రాత్రి ట్రాములేని రోడ్డుమీద:
మొక్క ఈ చేదుని మన కోసం దాచలేదు.
పురుగు కొరుకుతుందని,
మేక నోరు పెడుతుందని,
కాళ్ళు లేనిది పారిపోలేక
తన భయాన్నే ఆకులో వండుకుంది.
మనం ఆ భయాన్ని గ్రాముల్లో తూచి
గుర్తుకి కావలి పెడుతున్నాం.

మరుసటేడు రేవు దగ్గర స్తొయిమెన ఆగిపోయింది.
నన్ను "దెల్కా" అని పిలిచింది.
దెల్కా ఆమె అక్క, పోయి పదకొండేళ్ళు.
"ఈ తెల్లపువ్వుని ఏమంటారే?"
నేను చెప్పాను.
విని తలూపింది, ఎవరిదో పేరు పరిచయం చేసినట్టు.

బుర్గాస్ డాక్టరమ్మ మాత్రలు రాసింది.
డబ్బా మీది అక్షరాల్లో ఈ మొక్క పేరు లేదు,
ఉన్నది మాత్రం దీని చేదే.
"జబ్బు ఆగదు" అంది డాక్టరమ్మ,
"కొందరికి, కొన్నాళ్ళు, కాస్త వెలుతురు."
మింగమంటే స్తొయిమెన కొరికింది.
ముఖం ముడుచుకుంది. తరవాత నెమ్మదిగా విప్పింది.
"ఇది నాకు తెలుసు," అంది,
"ఎక్కడో... చేతులకి అంటేది."

నీళ్ళలోకి దిగాం.
పేరు పోయింది, దారి పోయింది,
చెయ్యి మాత్రం కత్తిని సరిగ్గా తిప్పింది.
ఒక్కో మొక్కనీ వంగి కోసి
రెండేసి ఆకులు వదులుతూ పోయింది.
నేను వెనకాలే వెళ్ళి లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ.
ఒక్కచోటా తప్పలేదు.

ఆమె లోపల కత్తి పట్టుకు తిరుగుతున్నదేదో
దానికెవరైనా నేర్పారా ఈ పద్ధతి?
అడగాల్సిందెవరినో తెలీక
బకెట్ ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను.
మెడమీదికి చల్లగా కారింది నీరు.
"దెల్కా, జాగ్రత్త," అంది వెనకనుంచి,
"అక్కడ లోతు."
నిజంగానే అక్కడ లోతు.